ముందు కారు మనిషి

ఆ కొండదారిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆయన మలుపులాయన. కింది నుంచి కనుమ పైదాకా నూట అరవై రెండు మలుపులు. ఏది ఎటు తిరుగుతుందో, ఎక్కడ ఏ గేరు వెయ్యాలో, ఎక్కడ లోయ కనబడగానే కొత్తవాళ్ళు హడలిపోయి బ్రేకు తొక్కేస్తారో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. "మా పెళ్ళి ఏ తారీకున అయిందో అడగండి, తెల్లమొహం వేస్తాడు. తొంభై మూడో మలుపు అడగండి, పాఠం అప్పజెప్తాడు" అని భార్య నలుగురిలో దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయన చేసేది ఒక చిత్రమైన ఉద్యోగం. ఊరి చివర ఒక కంపెనీ, దాని షెడ్డులో నాలుగు స్పోర్ట్స్ సెడాన్లు. జన్మకోసారి అలాంటి కారు నడపాలని మోజుపడేవాళ్ళు వాటిని అద్దెకు తీసుకుని కొండెక్కుతారు. కొత్తవాళ్ళ చేతికి అంత బలమైన ఇంజనిచ్చి లోయ పక్కన వదిలేస్తే ఇంకేమైనా ఉందా? అందుకని వాళ్ళ ముందు ఒక పాత కారులో మలుపులాయన వెళ్తాడు. పక్కన వాకీటాకీ. "ఎడమకి ఇరుకు మలుపు, రెండో గేరు, తొందరొద్దు... ఆ, తిరిగింది. దారి ఖాళీ, తొక్కండి." ఆ 'దారి ఖాళీ' వినబడితేనే వెనకవాళ్ళు వేగం పెంచాలి. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. వచ్చినవాళ్ళు మంచునీ, మబ్బులు దిగిన లోయల్నీ చూసి మురిసిపోతుంటే, ఆయన తారురోడ్డు తప్ప ఇంకోటి చూసి ఎరగడు.

రోడ్డుకి గుంతలు పూడ్చే కూలీలకీ ఆయనకీ ఒక ఒప్పందం ఉండేది. కాగితం మీద పెట్టుకున్నది కాదు, ఏళ్ళ తరబడి అలా కుదిరిపోయింది. వాళ్ళని దాటేటప్పుడు ఆయన స్టీరింగు మీంచి ఒక చెయ్యి ఎత్తి, వెనక ఎన్ని కార్లు వస్తున్నాయో అన్ని వేళ్ళు చూపిస్తాడు. ఆ కార్లన్నీ వెళ్ళేదాకా వాళ్ళు గట్టు దిగరు. చెయ్యి లేవలేదంటే వెనక ఎవరూ లేనట్టే, పార పట్టుకుని దిగిపోతారు. ఎర్రజెండాల కంటే వాళ్ళకి ఆ వేళ్ళ మీదే గురి ఎక్కువ.

ఆ ఏడాది ఆయన చూపు తగ్గింది. ముందు ఎడమకన్ను. ఒక పక్కంతా ఎవరో తెర లాగినట్టు మసక. తర్వాత కుడికంటికీ అంచులు చెదరడం మొదలైంది. పక్క ఊళ్ళో కళ్ళ డాక్టరు పరీక్ష చేసి మొహమాటం లేకుండా చెప్పేశాడు. "కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. పోయిన చూపు ఇక రాదు. చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది. బండి మాత్రం ముట్టుకోకండి."

ఈ సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. షెడ్డు పైన కంపెనీ వాళ్ళిచ్చిన గదిలో ఆవిడ కార్ల సీట్లకి కవర్లు కుడుతుంది. ఆ మధ్యాహ్నం మిషను ఆపి కూర్చుంది.

"వాళ్ళతో చెప్పెయ్యండి."

"చెప్తే రేపట్నుంచి గేటు దగ్గర కుర్చీ వేస్తారు. లేదా గది ఖాళీ చెయ్యమంటారు."

"గేటు దగ్గర కూర్చునేవాళ్ళు మనుషులు కారా ఏంటి?"

"దారంతా నా తలలో ఉందే. నాకు చూడాల్సిన పని లేదు."

రోడ్డు తలలో ఉంటుంది, కాదనం. ఆ రోజు రోడ్డు మీద ఎవరుంటారో ఎవరి తలలో ఉంటుందండీ? ఈ ముక్క ఆవిడకి అప్పుడే తట్టింది. గొడవెందుకని మింగేసింది. ఆ తర్వాత ఆవిడ తనని తాను తిట్టుకోని రోజు లేదు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు వెండిరంగు సెడాన్లో ఒక పళ్ళ డాక్టరూ ఆయన భార్యా వచ్చారు. డాక్టరు నెమ్మదస్తుడు, చెప్పింది చెప్పినట్టు వినే రకం. వెనక వచ్చేది ఆ ఒక్క కారే. డెబ్భయ్యో మలుపు దగ్గర డాక్టరుగారి భార్య వాకీటాకీలో అడిగింది.

"ఇక్కడ పక్కదారిలో వెళ్తే చెరువొకటి వస్తుందటగా? ఒక్కసారి చూపించరూ?"

"దానికేం భాగ్యం! రండి" అన్నాడు మలుపులాయన.

పక్కదారి సన్నగా, వాగు వెంబడే పోతుంది. నీళ్ళ హోరులో వెనక లారీ వచ్చినా తెలీదు. దాని మలుపులూ ఆయనకి కంఠతా వచ్చు. మూడో మలుపు తిరగగానే ఎడమ పక్క కొండని ఆనుకుని నలుగురు కూలీలు నిలబడి ఉన్నారు. ఎర్రగుడ్డ కట్టిన కర్ర కూడా ఎడమ పక్కనే పాతారు. మలుపులాయనకి మనుషులూ కనబడలేదు, గుడ్డా కనబడలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని దర్జాగా దాటిపోయాడు. పోతూ పోతూ అన్నాడు.

"దారి ఖాళీ, తొక్కండి."

గట్టు మీద కూలీల మేస్త్రీ ముందు కారు వంక చూశాడు. చెయ్యి లేవలేదు. పక్కనే కంకర తట్టతో ఉన్న తన భార్యతో "ఎవరూ లేరు, దిగు" అన్నాడు. ఆమె దిగింది.

మలుపులాయనకి వెనక నుంచి బ్రేకుల అరుపు వినబడింది. తర్వాత వాకీటాకీలో డాక్టరుగారి భార్య కేకలు. కారు వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి మేస్త్రీ భార్యని రోడ్డు పక్కన పడుకోబెట్టారు. పళ్ళ డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె గుండెల మీద నొక్కుతూనే ఉన్నాడు. ప్రాణం పోయిందని ఎవరు చెప్పినా ఆయన ఆపడం లేదు. మేస్త్రీ చేతులు రెండూ వేలాడేసి నిలబడ్డాడు.

నెల తిరిగాక రోడ్ల ఆఫీసులో విచారణ పెట్టారు. ముందురోజు కంపెనీ యజమాని పైగదికి స్వయంగా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కన్ను సంగతి ఆయనకి తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

"ఒక్క మాట చాలు. వేలు చూపించానని చెప్పు. రోజూ చేసేదేగా? ఆ రోజు మాత్రం ఎందుకు చెయ్యవు? కంపెనీ నిలబడుతుంది, నువ్వూ నిలబడతావు. పాపం, ఆ డాక్టరూ బయటపడతాడు."

ఆయన దిగిపోయాక భార్య మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"చచ్చిపోయినావిడ మీదకి తోస్తారా?"

"ఆవిడకి ఇప్పుడు పోయేదేముందే?" అన్నాడు మలుపులాయన. అన్నాక అదెంత పాపిష్టి మాటో తనకే తెలిసింది. అయినా మర్నాడు విచారణ గదిలో, అధికారి అడగ్గానే, తడుముకోకుండా చెప్పేశాడు.

"చూపించానండి. ఒక వేలు."

ఏం మనిషండీ! పంతొమ్మిదేళ్ళు కూడబెట్టుకున్న మాట విలువ మొత్తం తీసుకెళ్ళి ఆ ఒక్క అబద్ధం మీద ధారపోశాడు. అది అక్కరకొచ్చింది కూడా. మేస్త్రీని పిలిచి అడిగితే, అతను "నాకైతే కనబడలేదు సార్. కానీ ఆయన చూపించానంటే చూపించినట్టే. నేనే సరిగ్గా చూసుకోలేదేమో" అన్నాడు. అధికారి రాసుకున్నాడు. కూలీల అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం. సంతకాలు పెట్టి అందరూ చేతులు దులుపుకున్నారు.

మలుపులాయన మళ్ళీ ముందు కారెక్కాడు. ఇంట్లో మాత్రం మిషను చప్పుడు తప్ప మాటల్లేవు. భార్య అన్నం వడ్డించేది, పక్కకి తప్పుకునేది.

పది రోజుల తర్వాత సాయంత్రం పూట మేస్త్రీ మెట్లెక్కి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, నీకు తెలిసిన కళ్ళ డాక్టరెవరైనా ఉన్నారా?"

మలుపులాయన లేచి నిలబడ్డాడు. "ఎందుకు తమ్ముడూ?"

"మేస్త్రీ పని మానేశాను. ఎదురుగా ఉన్న వేలు కనబడనివాడు నలుగురి ప్రాణాలకి ఏం పూచీ పడతాడు? చూపించుకుందామని. నేనే కదా దిగమన్నాను. పిల్లకి కూడా చెప్పేశాను, మీ అమ్మని నా కళ్ళే చంపాయని. అప్పట్నుంచీ అది నాతో పలకడం లేదు."

కుట్టుమిషను ఆగిపోయింది. భార్య లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మలుపులాయన మేస్త్రీ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ కళ్ళకేం కాలేదురా. నా చూపు పోయింది. ఏడాదైంది. ఆ రోజు నువ్వు గానీ, నీ భార్య గానీ, ఆ గుడ్డ గానీ ఏదీ నాకు కనబడలేదు. నేను చెయ్యెత్తలేదు. అబద్ధం చెప్పాను." చెప్తూ చెప్తూ భోరున ఏడ్చాడు.

మేస్త్రీ కొడతాడనుకుంది భార్య. కొడితే బాగుండుననీ అనుకుంది. అతను చేతులు విడిపించుకుని ఒకటే మాట అన్నాడు.

"రా. వచ్చి ఈ మాట నా కూతురికి చెప్పు."

ముగ్గురూ వెళ్ళారు. రేకుల షెడ్ల వరసలో చివరి గది. పదమూడేళ్ళ పిల్ల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మలుపులాయన గడప అవతలే నిలబడి, కన్ను సంగతీ, దారి సంగతీ, విచారణలో ఆడిన అబద్ధం సంగతీ ఒక్కటి దాచకుండా చెప్పాడు. పిల్ల గిన్నె దించి, చేతులు తుడుచుకుని, అంతా శ్రద్ధగా వింది.

"మీరు మంచివారు పెదనాన్నా" అంది చివరికి. "నాన్న తిండి మానేశాడని ఇలా చెప్తున్నారు కదా? ఆఫీసు కాగితం నేను చదివాను. అందులో మీరు చెప్పింది రాసుంది. కన్ను కనబడకపోతే రోజూ కారెలా నడుపుతున్నారు? ఇవాళ పొద్దున కూడా మా బడి ముందు నుంచే వెళ్ళారుగా."

"అమ్మా, నిజం చెప్తున్నాను. ఒట్టు."

పిల్ల తల అడ్డంగా ఊపింది. మలుపులాయన మేస్త్రీ వైపు తిరిగాడు, నువ్వైనా చెప్పరా అన్నట్టు. మేస్త్రీ కూతుర్ని చూశాడు, ఆయన్ని చూశాడు. దారి పొడుగునా కోపంతో బిగుసుకున్న మొహం కాస్తా నెమ్మదిగా సడలిపోయింది.

"నిజంగానే కనబడలేదా అన్నా?" అన్నాడు. "లేక నా కోసం చెప్తున్నావా?"