కోనియో లేని ప్రోగ్రామ్

నాచారం బిస్కెట్ ఫ్యాక్టరీలో పొయ్యిల వేడి చూసే బాలరాజు, వేళ్లకంటిన పిండి తుడుచుకున్నాకే కీబోర్డు ముట్టుకుంటాడు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం పెదాలతో పలుకుతూ కొడతాడు. ఉప్పల్ కోచింగ్‌లో సి అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నప్పటి నుంచీ ముందు కోనియో అనే హెడర్ ఫైలు పెట్టి తెర మీది పాత అక్షరాలు తుడిస్తేగాని ప్రోగ్రామ్ మొదలుపెట్టడు. వాకిలి ఊడ్చాకే ముగ్గు వేసినట్టు. కొత్తగా వచ్చే లైనక్స్ కంప్యూటర్లో ఆ ఫైలు ఉండదని ఇంజనీరు బిందుమాధవి చెప్పింది. పొయ్యిల వేడి నమోదుకు తను రాసుకున్న ప్రోగ్రామ్ అందులో నడవకపోతే, మళ్లీ గంటగంటకీ ఆ లెక్క కాగితం మీద రాయాల్సిందే. నెలరోజులు కూర్చుని, ఏ కంప్యూటర్లోనైనా దొరికే హెడర్లే ఉంచి, మిగతావి బియ్యంలో రాళ్లలా ఏరేశాడు.

నిన్న ఆ కంప్యూటర్ వచ్చింది. కంపైల్ చేస్తే, అంటే ప్రోగ్రామ్‌ని దానిచేత చదివిస్తే, ఒక్క తప్పూ చూపలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. బాలరాజుకి మాత్రం అనుమానం.

"మేడం, గిది అసలు సదివిందంటరా?"

"చదవకుండా ఎలా ఊరుకుంటుందండీ?"

అయినా బాలరాజు కావాలనే ఒక లైను చివర ఉండాల్సిన సెమికోలన్ తీసేసి మళ్లీ కంపైల్ చేశాడు. వెంటనే లైను నంబరుతో సహా తప్పు ఎర్రగా కనిపించింది.

"సదివింది మేడం! మంచిగ సదివింది!"

సెమికోలన్ తిరిగి పెట్టేముందు, ఇంట్లో చూపించడానికి ఆ తప్పును ఫొటో తీసుకున్నాడు.