ఒక్క చేత్తో ఊడాలి: కడెం నీళ్ళలో నా మొదటి మునక

నేను నీళ్ళ అడుగుకు వెళ్ళింది సరదాకు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం, మెట్‌పల్లి దగ్గర మా నర్సయ్య మామ చేను బావిలో ఆయన బిడ్డ పద్మ పడిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మా ఇంటి ఆడవాళ్ళలో ఈత వచ్చింది నాకొక్కదానికే. చిన్నప్పుడు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టించుకుని అదే బావిలో నేర్చుకున్నాను. మూడుసార్లు దూకాను. మూడుసార్లూ చెవుల్లో సూదులు దింపినంత నొప్పి, ఊపిరి అయిపోవడం, ఉత్త చేతులతో పైకి రావడం. అడుగు నాకు అందలేదు. చివరికి బావిలో పడ్డ బకెట్లు తీసే పాతాళగరిగెతో పిల్లను బయటికి తీశారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు మరమగ్గాల షెడ్డులో తెగిన పోగులు అతుకుతూనే ఉన్నాను గానీ మనసంతా ఆ బావి గట్టునే ఉంది. చలికాలం వెళ్ళిపోతుండగా మా ఇంటాయన హోటల్లో పేపరు చూసి వచ్చి ఒక సంగతి చెప్పాడు. నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒకాయన కడెం జలాశయం ఒడ్డున నాలుగు రోజుల శిబిరం పెడుతున్నాడట. వీపుకు గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగుకు వెళ్ళడం నేర్పుతాడట. ఈత వస్తే చాలు, ఆడామగా తేడా లేదు. ఒకటే షరతు: సామాను ఎవరికి వారే సిద్ధం చేసుకోవాలి, ఎవరికి వారే తొడుక్కోవాలి. చేతకానివాళ్ళు ఒడ్డునే కూర్చోవాలి. నాకు దొరికేది ఒక్క రోజు సెలవు. ఆ ఒక్క రోజులో అడుగు తాకి రావాలని పంతం పట్టాను. "నీది ఉడుం పట్టు, నేనొద్దంటె ఆగుతవా" అని ఇంటాయన ఆ రోజుకు నా మగ్గాలు తనే చూసుకుంటానన్నాడు. మా అవ్వ మాత్రం ఒంటరిగా పంపనంది. తోడెవరా అని చూస్తుంటే నర్సయ్య మామ వచ్చి నిలబడ్డాడు. పద్మ పోయినప్పటి నుంచి ఆయన నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. "నేనస్త" అన్నాడు, అంతే.

మెట్‌పల్లిలో ఐదున్నరకు మొదటి బస్సు ఎక్కాం. ఏడు దాటేసరికి ఆర్మూర్‌లో దిగి టీ తాగి నిర్మల్ బస్సు పట్టుకున్నాం. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద బస్సులో అందరూ కిటికీల్లోంచి నీళ్ళలోకి చిల్లర విసిరారు. మామ మాత్రం ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నిర్మల్ నుంచి ఖానాపూర్, అక్కడ మళ్ళీ బస్సు మారి కడెం. మూడు చోట్ల మారినా అప్పటి ధరల్లో మనిషికి ముప్పై రూపాయల లోపే అయింది. కడెంలో దిగేసరికి పదకొండు కావస్తోంది. అక్కడి నుంచి జలాశయం దాకా జీపు ఎక్కాం.

"ఏడికక్కా, కట్ట మీదికా?" అన్నాడు డ్రైవరు.

"కట్ట మీదికి గాదు తమ్మీ, నీళ్ళ అడుగుకు."

"అడుగుకు పోతె మల్ల అస్తరా?" అని పకపకా నవ్వాడు. అద్దంలో మామ ముఖం చూశాడో ఏమో, నవ్వు సగంలో ఆపేశాడు. "జర పైలం అక్కా. ఐదింటికి నాది ఆఖరి ట్రిప్పు. గది తప్పితె నడుసుడే" అని బుద్ధిగా చెప్పాడు.

శిబిరం అంటే పెద్ద హంగేమీ లేదు. కొండల నీడ పడే ఒక మూల నాలుగు టార్పాలిన్లు, ఒక నాటు పడవ, వరసగా పేర్చిన సిలిండర్లు. ఆరుగురు మగవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. నేర్పే ఆయనది విశాఖపట్నం వైపు. అరవై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు. అందరూ మాస్టారు అంటుంటే నేనూ అలాగే పిలిచాను. నన్ను ఎగాదిగా చూసి, "గాజులు, మట్టెలు తీసెయ్యమ్మా. రబ్బరు చిరుగుతుంది, నీళ్ళలో దేనికైనా చిక్కుకుంటాయి" అన్నాడు. తీసి మామ చేతిలో పెట్టాను. ఆయన వాటిని తువ్వాల కొంగున మూటగట్టుకున్నాడు.

ఇక సామాను సంగతి. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ క్రమం మనసులో పెట్టుకోండి, ఇన్నేళ్ళలో పెద్దగా మారింది లేదంటున్నారు. ముందు సిలిండర్ నిలబెట్టి, గాలి వచ్చే మూతి దగ్గరున్న చిన్న రబ్బరు రింగు వేలితో తడిమి చూడాలి. చీలిక ఉంటే గాలి కారుతుంది. తర్వాత చేతుల్లేని కోటులా ఉండే గాలి జాకెట్టును సిలిండర్‌కు తొడిగి పట్టీ బిగించాలి. పట్టీని ముందే నీళ్ళలో ముంచమన్నాడు మాస్టారు, పొడిగా బిగిస్తే నీళ్ళలో నాని వదులవుతుందట. ఆ పైన, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌ను మూతికి తగిలించి, సిలిండర్ మీది మర నెమ్మదిగా తిప్పి తెరవాలి. బుస్సుమని ఒక చప్పుడు వచ్చి ఆగుతుంది. గొట్టం చివర గడియారంలా ఉన్నదాంట్లో ముల్లు లేచి రెండు వందల మీద నిలబడింది, అంటే సిలిండర్ నిండా గాలి ఉన్నట్టు. గాలి వాసన చూడమన్నాడు. ఏ వాసనా లేకపోవడమే మంచి గాలికి గుర్తు.

రబ్బరు సూటు తొడుక్కోవడం నాకు పెద్ద గండమే అయింది. చుడీదారు మీద తొడగబోతే మోకాళ్ళ దగ్గరే ఇరుక్కుంది. టార్పాలిన్ చాటుకు వెళ్ళి, చుడీదారు తీసేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఒక కాలికి ఐదు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి చెమటతో సగం అలసిపోయాను. పొద్దున్నుంచి నోరు విప్పని మామ నన్ను చూసి "బర్రె పిల్ల లెక్కున్నవ్" అన్నాడు. ఏడెనిమిది నెలల్లో ఆయన ఆడిన మొదటి వేళాకోళం అది, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత సీసపు బిళ్ళలు గుచ్చిన బెల్టు. రబ్బరు సూటు మనిషిని పైకి తేలుస్తుంది కాబట్టి కిందికి దిగడానికి ఈ బరువు కావాలి. బెల్టు మగవాళ్ళ కొలతకు చేసింది, నా నడుముకు పెట్టాక జానెడు కొస వేలాడుతోంది. బకిలు కూడా వదులుగా అనిపించింది. నాకు వచ్చిన విద్య ఊరుకోనిచ్చిందా! సంచికి కట్టిన నూలు తాడు విప్పి, బకిలు మీదుగా కొసను చుట్టి, మేం తెగిన పోగులకు వేసే నేత ముడి వేశాను. మేం ముడి మీద ఉమ్మి తడి చేసి లాగుతాం, నూలు నానితే ఇంకా బిగుస్తుంది. అలాగే ఉమ్మి లాగాను. ఏనుగు లాగినా ఊడదనుకుని లోపల మురిసిపోయాను కూడా.

మాస్టారు ఒక్కొక్కరినీ తనిఖీ చేస్తూ నా దగ్గరికి వచ్చాడు. "కుడిచేత్తో బెల్టు విప్పి నా చేతికియ్యి. ఎడం చెయ్యి వాడకూడదు" అన్నాడు.

లాగాను, రాలేదు. గోరుతో గీరాను, రాలేదు.

"ఇదేంటమ్మా, ఊడదేం?"

"ఊడద్దనే కట్టిన సారూ. గట్టి ముడి."

"ఎవరు నేర్పారు నీకిది?"

"ఎవలు నేర్పుతరు సారూ? మా ఇంట్ల పుట్టినోళ్ళకు అస్తది. మా దగ్గర ముడి ఊడితె సేటు తిడుతడు, బట్ట పాడైతది."

ఆయన నవ్వలేదు. "మీ దగ్గర ఊడితే బట్ట పాడవుతుంది. ఇక్కడ ఊడకపోతే మనిషి పోతాడు. కింద ఏదైనా తేడా వస్తే ఈ బరువు ఒక్క చేత్తో, ఒక్క లాగుతో ఊడిపోవాలి, నువ్వు పైకి తేలాలి. ఒంటిమీద బిగించే ప్రతిదీ విప్పడం వచ్చాకే బిగించాలి" అన్నాడు. మొలలోని కత్తి మీదికి చెయ్యి పోయింది గానీ తియ్యలేదు. "కొయ్యను. నువ్వే విప్పు. విప్పేదాకా నీళ్ళలోకి లేదు" అని మిగతా ఆరుగురితో వెళ్ళిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఏ ముడి బాగుందని అందరూ మెచ్చుకున్నారో ఆ ముడే నన్ను ఒడ్డున కూర్చోబెట్టింది. గోళ్ళతో పీకాను, వేళ్ళు ఎర్రబడ్డాయి. వంగి పళ్ళతో అందుకుందామంటే సూటు వంగనివ్వదు. అవతల ఆరుగురూ ఒక్కొక్కరే బుడగలు వదులుతూ మునిగిపోయారు. మూడు కావస్తోంది. మామ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోదాం పా బిడ్డా. కాలే గద, ఏం ఫికర్ జేయకు. నువ్వు గింత దూరం అచ్చినవ్, సాలు."

"ఊకె పోను మామా. పొద్దుమీకినా సరే, ముడి ఇప్పే పోత."

ఆయన కాసేపు నా చేతులు చూస్తూ కూర్చున్నాడు. సాయం చెయ్యబోయి మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనే చెయ్యాలని ఆయనకూ అర్థమైంది. తలలోంచి పిన్ను తీసి, ముడి కంటిలోకి గుచ్చి, కొంచెం కొంచెం కదిలిస్తూ పోయాను. ఇరవై నిమిషాలు పట్టింది. తాడు కింద పడగానే దాన్ని చూడను కూడా చూడకుండా బెల్టు మళ్ళీ పెట్టుకుని, కొసను ఊరికే వదిలేసి, కుడిచేత్తో ఒక్క లాగు లాగాను. దబ్బున కాళ్ళ దగ్గర పడింది. పది సార్లు పెట్టాను, పది సార్లు పడేశాను. తర్వాత కళ్ళు మూసుకుని ఇంకో పది సార్లు.

మాస్టారు తిరిగొచ్చి చూసి, "అన్నీ విప్పేసి మొదటి నుంచి తొడుక్కో" అన్నాడు. రింగు, పట్టీ, రెగ్యులేటర్, ముల్లు, జాకెట్టు, బెల్టు. ఈసారి పడవ వైపు చెయ్యి చూపించాడు. మాస్కు అద్దానికి లోపలివైపు ఉమ్మి రుద్ది కడగమన్నాడు, లేకపోతే ఆవిరి పట్టి ఏమీ కనబడదట. "రెండే మాటలు గుర్తుపెట్టుకో. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకు. దిగుతుంటే ముక్కు నొక్కిపట్టి మెల్లగా చెవుల్లోకి గాలి ఊదు" అన్నాడు. ఆ రెండో మాట వినగానే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇంత చిన్న ఉపాయం ఆ రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ నొప్పికి మూడుసార్లు వెనక్కి తిరిగి ఉండేదాన్ని కాదు.

పడవ అంచు నుంచి వెనక్కి వాలి పడ్డాను. మొదటి నిమిషం ఊపిరి బిగపట్టేశాను, పాత అలవాటు ఎక్కడికి పోతుంది! మాస్టారు ఎదురుగా వచ్చి భుజం తట్టి, తన బుడగలు చూపించాడు. పీల్చాను. గాలి వచ్చింది. మళ్ళీ పీల్చాను, మళ్ళీ వచ్చింది. పడవ నుంచి అడుగుకు వేలాడదీసిన తాడు పట్టుకుని, బారెడు బారెడుకీ చెవులు ఊదుకుంటూ దిగాను. నలుగురు మనుషుల లోతు ఉంటుందేమో, కాళ్ళకు మెత్తగా ఒండ్రు తగిలింది. కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించాను. అడుగు అందింది. మాస్కులో ఏడ్చేశాను. అక్కడ కళ్ళు తుడుచుకునే వీలుండదు, ఆ నీళ్ళు అలాగే అద్దం అంచున నిలిచాయి.

పైకి వచ్చేసరికి నాలుగు దాటింది. మామ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నిలబడి ఉన్నాడు, పంచె తడిసిపోయింది. నేను మాస్కు తీసేదాకా ఆగి, మెల్లగా అడిగాడు.

"అడుగున శీకటుంటదా, బిడ్డా?"

ఆయన ఇంత దూరం ఎందుకు వచ్చాడో నాకప్పుడు తెలిసింది. లేదని చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆయనకు అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"మన బాయి సంగతి నాకు తెల్వది మామా. నాకది అందలే. ఇక్కడైతె శీకటి లేదు. పచ్చటి ఎలుగున్నది. పైకి చూస్తె పొద్దు కనవడ్డది."

"సల్లగున్నదా?"

"సల్లగున్నది. సప్పుడు లేదు."

"దానికి శీకటంటె బాగ భయముండె" అన్నాడు. బిడ్డ పోయాక ఆయన నోట ఆమె మాట రావడం అదే మొదలు. తర్వాత ఆ నీళ్ళలోనే కూలబడి, ఎవరున్నారో చూసుకోకుండా గొంతెత్తి ఏడ్చాడు. రబ్బరు సూటుతోనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంకో రెండు శిబిరాలకు వెళ్ళాను, అంతకుమించి గొప్పదాన్నేమీ కాలేదు. ఈ విద్య వచ్చి ఉంటే పద్మను బతికించేదాన్నా అని మాస్టారినే అడిగాను ఒకసారి. "ఇవన్నీ తొడుక్కునే సరికే ఆలస్యమయ్యేదమ్మా" అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ. ఆ జవాబు మింగడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మామకు మాత్రం ఆ సాయంత్రం నుంచి తిండి సయించింది, బిడ్డ పేరు మళ్ళీ ఇంట్లో వినిపించింది. నేను అడుగు నుంచి తెచ్చింది అదొక్కటే, అది తక్కువేమీ కాదని ఇప్పుడనిపిస్తుంది. వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. మీ కోసం ఒడ్డున ఎదురుచూసే మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. పైకి వచ్చాక వాళ్ళు ఏదైనా అడిగితే, ఊపిరి కుదుటపడనిచ్చి, చూసింది చూసినట్టు చెప్పండి.