వేపకొమ్మకు కట్టిన కళ్లద్దాలు

తెల్లదొరల కాలంలో నేను కాపురానికి ఆలూరు వచ్చిన ఏడాదే ఊళ్లో ప్లేగు పడింది. ఎలుకలు రాలడం మొదలుకాగానే వీధివాళ్లమంతా ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నాం. పొరుగింటి ఫాతిమాబీ మాత్రం మంచం పట్టిన భర్తను కదిలించలేక ఉండిపోయింది.

మా అత్తకు చూపు మసక. ఫాతిమాబీని గొంతుతోనే గుర్తుపట్టేది. ఊరు వదలకముందు మద్రాసు నుంచి కళ్లద్దాలు తెప్పిస్తున్నామంటే, "అవొస్తే ముందు నా మొగమే చూడాల వదినా," అని ఆమె నవ్వింది.

మేం తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. మా వాకిట్లో వేపకొమ్మకు, గుడ్డ చుట్టి కుట్టిన పార్సలు వేలాడుతోంది.

"మీరు లేరని ఆమె చేతికిచ్చినానమ్మా," అన్నాడు తపాలా ఆయన. "'మా ఇంట్లో ఎలుకలు సస్తాండాయి, లోపల పెట్టను' అని ఈడ కట్టింది. వారం తిరక్కుండా మొగుడూ పెండ్లామూ ఇద్దరూ పోయినారు."

అత్త అద్దాలు పెట్టుకుని, ప్లేగు పోయేలా లోపల ఎండ పడాలని సర్కారువాళ్లు మిద్దె కప్పు విప్పేసిన ఫాతిమాబీ ఇంటివైపు చాలాసేపు చూసింది.

"కనపడ్తాండాదా అత్తా?" అన్నాను.

"శానా బాగా కనపడ్తాండాది," అని తీసి పెట్టెలో పెట్టింది.

మళ్లీ వాటి జోలికి పోలేదు. బతికినన్నాళ్లూ మనుషుల్ని గొంతుతోనే గుర్తుపట్టింది.