“గారూ” అన్నాడని కార్డు చదివేశాను

ఉద్యోగంలో చేరిన కొత్తలో, నరసాపురంలోని మా ఇంటికి నా మొదటి క్రెడిట్ కార్డు వచ్చింది. మర్నాడే ఫోన్. “బ్యాంకు నుంచండి, సతీష్ గారూ!”

మా ఇంట్లో నన్ను గారూ అన్నవాళ్లు లేరు. ఆ గౌరవానికి కరిగి కార్డు మీది అంకెలన్నీ చదివేశాను.

“ఓటీపీ కూడా చెప్పండి, లేకపోతే కార్డు ఆగిపోతుందండి.”

మెసేజ్‌లో నలభై వేల కొనుగోలు అని ఉంది. ఇది మోసమని పసిగట్టాను. అయినా అంత మర్యాదస్తుడి ఫోన్ మధ్యలో ఎలా పెట్టేయాలో తెలియక నీళ్లు నమిలాను.

పక్కన లేసు అల్లుతున్న అమ్మకు సంగతి అర్థమైంది. “దొంగకి మొహమాటం ఏంట్రా, పెట్టెయ్!”

“ఉంటానండీ” అని చెప్పి మరీ పెట్టేశాను. వెంటనే కార్డు వెనకనున్న నంబరుకు చేసి బ్లాక్ చేయించాను.

డబ్బు దక్కింది. ఓటీపీ అడిగితే మాట మధ్యలోనే ఫోన్ పెట్టేయాలని తెలిసింది. అమర్యాదగా ఉండటం మాత్రం ఇంకా ప్రాక్టీసు చేస్తున్నాను.