మా అక్క బట్టలుతికే శిలాఫలకం

మా బావ పేరు ఊళ్లో ఏ గోడ మీదా ఉండదు. గోడల మీద ఉన్న పేర్లన్నీ మాత్రం ఆయన చెక్కినవే. కౌన్సిల్ ఆఫీసుకు ఎదురుగా రేకుల షెడ్డు, లోపల రెండు బల్లలు, ఒక నీళ్ల తొట్టి, గోడకు వరుసగా ఉలులు. మురుగు కాలువ తవ్వినా, పార్కుకు గేటు పెట్టినా, చివరికి మరుగుదొడ్డి కట్టినా, దాని ముందు పాతే శిలాఫలకం ఆ షెడ్డులోంచే వెళ్లాలి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. రాతిపొడి వల్ల దగ్గూ, కౌన్సిల్ సభ్యుల వల్ల ఓర్పూ వచ్చాయాయనకు. నాకు ఆ రెండోది లేదు. ముక్కు మీద కోపం నాకు, ఇంటిల్లిపాదీ ఒప్పుకునే సంగతే.

మా కౌన్సిల్‌కు ఒక పద్ధతుంది. పని మంజూరు కాకముందే రాయి సిద్ధంగా ఉండాలి. పొద్దున తీర్మానమైతే సాయంత్రానికల్లా శంకుస్థాపన జరిగిపోవాలి, తెల్లారితే ఎవరి మనసు ఎటు తిరుగుతుందో చెప్పలేం కదా. అందుకని సమావేశానికి రెండు రోజుల ముందే గుమాస్తా వచ్చి పేర్ల జాబితా ఇచ్చిపోతాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అందరూ సామెతగా అంటారు. మా బావకు అదే బతుకుతెరువు.

సమావేశం రోజు రాయికి దుప్పటి చుట్టి, హాల్లోకి మోసుకెళ్లి గోడకు ఆనించి పెడతారు. సభ్యులు ముందు రాయి చూస్తారు, తర్వాతే పని సంగతి. పెళ్లిచూపుల్లో పిల్లనైనా అంత నిశితంగా చూడరు. ఎవరి పేరు ఎవరి కింద ఉంది, ఎవరి అక్షరం ఎంత లావుంది, ఎవరికి ‘గౌరవనీయులు’ తగిలించారు, ఎవరికి మర్చిపోయారు. ఒకాయన జేబులోంచి స్కేలు తీసి కొలిచిన రోజు కూడా ఉంది. మా బావ కిక్కురుమనకుండా పక్కన నిలబడతారు. నేనైతే ఆ స్కేలుతోనే ఒకటి వడ్డించేదాన్ని.

ఇంత చూసుకుని కూడా కొన్ని పనులు రద్దయిపోతాయి. పని రద్దయితే రాయి మా అక్క ఇంటికి వస్తుంది. వాళ్ల గుమ్మం ముందు మెట్టు ఒక వ్యాయామశాల. పెరట్లో నడిచే బాట రెండు గ్రంథాలయాలు, ఒక బస్సు షెల్టరు. బట్టలుతికే బండ మాత్రం మా బడి పక్కన కాలువ మీద కట్టాల్సిన కాలినడక వంతెన. తొమ్మిదేళ్ల కిందట చెక్కిన రాయి అది. అక్షరాల వైపే పైకి పెట్టి ఉతికేది మా అక్క. ఆ గరుకుకి మురికి భలే వదులుతుందని, చైర్మన్ పేరు మీద కాలర్లు, సభ్యుల పేర్ల మీద దుప్పట్లు అని చెప్పి నవ్వించేది. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల మండేది.

ఎందుకంటే ఆ బడిలో రెండో తరగతి టీచర్ని నేనే. మా పిల్లల్లో సగం మంది కాలువ అవతల నుంచి వస్తారు. చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా రావాలంటే ముప్పావు గంట. అడ్డదారి ఏమిటంటే, కాలువ మీదుగా పోయే నీళ్ల పైపు. నా నడుమంత లావుంటుంది. పిల్లలు దాని మీద నడిచి వస్తారు. వద్దంటే ఆగరు, తిడితే నేను కనపడనప్పుడు దాటుతారు. అందుకని రోజూ బడికి అరగంట ముందే వచ్చి, చెప్పులు విడిచి, పైపు మధ్యలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించేదాన్ని. కిందటి వానల్లో ఒక పిల్ల జారింది. జడ అందింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఆ తర్వాత నేనూ, పిల్లల తల్లులూ అర్జీ పెట్టాం. ఆరు నెలలు తిరగగా తిరగగా వంతెన మళ్లీ అజెండాలోకి ఎక్కింది, పదకొండో అంశంగా. గుమాస్తా జాబితా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే రాళ్ల లారీ ఎక్కడో ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నకీ రాలేదు. షెడ్డులో ఉన్నవన్నీ ముక్కలే. మా బావ ఇంటికొచ్చి పెరట్లో అటూ ఇటూ తిరిగి, ఉతుకుడు బండ దగ్గర ఆగారు. దాని వెనకవైపు నున్నగా, ఖాళీగా ఉంది.

అక్క అరిచి గోల చేసింది. ఊరంతా రాళ్లుండగా నా బండే దొరికిందా అంది. చివరికి ఆవిడే మెత్తబడి, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది.

“తీసుకెళ్తే తీసుకెళ్లండి. మళ్లీ దాన్ని మోసుకుని ఈ గుమ్మంలోకి మాత్రం రాకండి.”

ఆ రోజంతా బావ పెరట్లోనే కూర్చుని బండ బోర్లించి, వెనకవైపు సానపట్టి, కొత్త పేర్లు చెక్కారు. మర్నాడు పొద్దున రాతిపొడి కడిగి దుప్పటి చుట్టింది అక్క. మోసేవాళ్లు వచ్చి పట్టుకెళ్లారు.

నేను సెలవు పెట్టి సమావేశానికి వెళ్లాను. వచ్చినవాళ్లు కూర్చోడానికి వెనక ఒక బెంచీ ఉంటుంది, నోరు మూసుకుని కూర్చోవాలి. నాకది ఎంత శిక్షో చెప్పక్కర్లేదు. టీ దుకాణాల అనుమతులు, చెత్త బండ్ల మరమ్మతు, వీధి దీపాలు అన్నీ గబగబా అయిపోయాయి. పదకొండో అంశం దగ్గర బండి ఆగింది. టెండరు తెరిచేశారు, తక్కువకు చేస్తానన్నవాడెవడో కూడా తేలింది. వంతెన ఎక్కడ దిగాలన్నదే తగువు. కాలువ ఇవతలి వార్డు సభ్యుడు తన వీధి చివర దిగాలన్నాడు. అవతలి వార్డు సభ్యుడు తన మార్కెట్ ముందు మొదలవ్వాలన్నాడు. ఈ రెండు చోట్లనూ కలిపితే వంతెన వంకర తిరుగుతుందని ఇంజనీరు చెప్పబోతే ఎవరూ వినలేదు. అరగంట అరుచుకున్నారు. చైర్మన్ గడియారం చూసుకుని, అయితే వాయిదా వేద్దాం అన్నాడు.

నా కాళ్ల కింద పైపు కదిలినట్టయింది. గోడ దగ్గర నిలబడ్డ మా బావ తల వంచేసుకున్నారు.

అప్పుడు ఇవతలి వార్డు సభ్యుడు, వాయిదా వేస్తే వేశారు గానీ ఒకసారి రాయి చూపించమన్నాడు. వచ్చేసారికైనా తన పేరు పైన ఉండాలట. చూశారా మనిషి ఆశ. జవాను వెళ్లి దుప్పటి లాగాడు.

దుప్పటి కింద ఉన్నది పాత వైపు. అక్షరాల సందుల్లో తెల్లగా సబ్బు పేరుకుపోయి ఉంది. మధ్యలో పేర్లు రుద్దిరుద్ది సగం అరిగిపోయాయి. పైన వంతెన పేరు, కింద తొమ్మిదేళ్ల కిందటి తేదీ మాత్రం చక్కగా కనపడుతున్నాయి. ముప్పై ఏళ్ల పని ఆ క్షణంతో సరి అనుకున్నారట మా బావ, తర్వాత చెప్పారు.

కౌన్సిల్‌లో అందరికంటే పెద్దావిడ ఒకరున్నారు, అయిదుసార్లు గెలిచినావిడ. ఆవిడ లేచి, కళ్లజోడు సర్దుకుంటూ వెళ్లి రాయి ముందు వంగారు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. మూడో పేరు దగ్గర వేలు ఆగింది. ఆ పేరు ఆవిడదే.

“ఇదేమిటి నాయనా, నా పేరు ఇలా అరిగిపోయింది?” అని అడిగారు.

మా బావకు అబద్ధం రాదు. “మా ఇంట్లో బట్టలుతికే బండ అమ్మా. అప్పట్లో పని రద్దయితే ఇంటికి తీసుకెళ్లాను. తొమ్మిదేళ్లుగా మా ఆవిడ దీని మీదే ఉతుకుతోంది. కొత్తది వెనకవైపు చెక్కాను” అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడ నవ్వలేదు.

“ఇవాళ వాయిదా వేస్తే దీన్నేం చేస్తావు?”

“రెండు వైపులా నిండిపోయిందమ్మా. ఇంక చెక్కడానికి చోటు లేదు.”

ఆయన ఉన్న మాటే చెప్పారు, ఎత్తిపొడుపు కాదు. హాల్లో మాత్రం ఒక్కరూ తల ఎత్తలేదు. స్కేలు సభ్యుడైతే తన చెప్పులు చూసుకుంటున్నాడు. పెద్దావిడ వెనక్కి తిరిగి, అర్జీ పెట్టినవాళ్లెవరైనా వచ్చారా అని అడిగారు. ఇంకేం, లేచి నిలబడ్డాను. పిల్లలు ఇప్పుడు ఎక్కడ దాటుతున్నారో చెప్పమన్నారు. పైపు సంగతి చెప్పాను. జారిన పిల్ల సంగతి, చేతికందిన జడ సంగతి చెప్పాను.

“పిల్లలకు తెలిసిన దారి మనకు తెలియలేదు. పైపు పక్కనే కట్టండి. నేను చెయ్యెత్తుతున్నాను, మిగతావాళ్లు మీ ఇష్టం” అని ఆవిడ చెయ్యెత్తి నిలబడ్డారు.

ముందు అవతలి వార్డు సభ్యుడు ఎత్తాడు. ఆయన ఎత్తాక ఇవతలాయన ఊరుకుంటాడా, రెండు చేతులూ ఎత్తబోయాడు. ఏకగ్రీవం అని గుమాస్తా రాసుకున్నాడు. కూర్చుంటూ పెద్దావిడ ఇంకో మాట అన్నారు. ఆ రాయిని గోడకు అంటించొద్దు, రెండు వైపులా కనపడేలా దిమ్మె మీద నిలబెట్టండి, సబ్బు కూడా కడగొద్దు అని. చైర్మన్ సరేనన్నాడు.

ఇంటికొచ్చి, దుప్పటి చుట్టేటప్పుడు పాత వైపు ముందుకు ఎందుకు పెట్టావని అక్కను అడిగాం. ఆవిడ ఆశ్చర్యపోయింది. “అదేగా దాని ముందువైపు. రోజూ నాకు కనపడేది అదే” అంది. నేనూ బావా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వాం.

అయిదు నెలల్లో వంతెన లేచింది. మొదటిరోజు నేను అలవాటు కొద్దీ అరగంట ముందే వెళ్లాను, చెప్పులు కూడా విడిచేశాను. పిల్లలు దడదడమంటూ వంతెన మీద పరిగెత్తుకొచ్చారు. నా చెయ్యి ఎవరికీ అక్కర్లేకపోయింది. జారిన పిల్లయితే నన్ను దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చి, మీరెందుకు టీచర్ చెప్పుల్లేకుండా నిలబడ్డారు అని అడిగి పోయింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

చూస్తే దిమ్మె పక్కన మా బావ కూర్చుని ఉన్నారు, షెడ్డు తెరవకుండా. రాయి పాతేశాక మళ్లీ ఆ వైపు వెళ్లే అలవాటు లేదాయనకు. ఇక్కడేం చేస్తున్నారు బావా అన్నాను.

“ఏం లేదు మరదలా. ముప్పై ఏళ్లకి నా రాయి పక్కన పని కూడా కనపడుతుంటే చూస్తున్నా.”

చివరి పిల్ల దాటేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. అక్కకు కొత్త బండ తెచ్చిచ్చారు, పేర్లేవీ లేని నున్నటి రాయి. దాని మీద మురికి వదలడం లేదని ఆవిడ రోజూ సణుగుతూనే ఉంది. అయినా పాతది వెనక్కి తెమ్మని మాత్రం ఒక్కసారీ అడగలేదు.