గ్రేస్ మేడం తిరిగిచ్చిన అనుమతి

ఇవాళ పొద్దున ఆఫీసు షట్టరు ఎత్తి, ఫ్యాను వేసి, ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనే లేదు, ఫోను టింగుమంది. తిరుమలగిరిలో ఉండే ఒక మిలిటరీ పెద్దాయన మా దగ్గర టికెట్లు తీసుకుని విశాఖలో ఓడ ఎక్కారు. రేవు వదులుతూ ఓడ వేసిన కూతను వీడియో తీసి పంపారు. సముద్రానికి ఇంత దూరాన, కింద ఆటోల హారన్లు, ఇరానీ హోటల్లో సాసర్ల చప్పుడు నడుమ, ఆ బొంగురు కూత గదంతా నిండిపోయింది. పక్క గదిలో జిరాక్స్ నడిపే అతను తలుపులోంచి తొంగిచూసి, "ఏందక్కా, ఆఫీసులకే ఓడ తెచ్చినవా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఓడ కూత ఎప్పుడు విన్నా నాకు గ్రేస్ మేడమే గుర్తొస్తారు. ఆ తరువాత కాసేపు ఏ పనీ సాగదు.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. మండుటెండల్లోనూ గంజి పెట్టిన నేత చీరే. సొంతూరు కాకినాడ. తండ్రి తీరం వెంట తిరిగే ఓడల్లో సరంగు, అంటే కళాసీలందరికీ పెద్ద. మేడం ఒక రైల్వే గార్డును పెళ్లి చేసుకుని మౌలాలి రైల్వే కాలనీకి వచ్చారు. కొన్నాళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పి, అది మానేసి, సికింద్రాబాద్ స్టేషను దగ్గర మేడ మీద ఈ గది తీసుకుని ప్రయాణాల ఆఫీసు పెట్టారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు ఆమెది. సోమవారం అదే గొంతుతో నేను రాసిన ఉత్తరాలను నిలబడి పైకి చదివేవారు. నా తప్పులు కింద హోటల్లో టీ తాగేవాళ్ల దాకా వినిపించేవి. నేను బోయిగూడలో పుట్టి పెరిగినదాన్ని, నోటి దురుసు కాస్త ఎక్కువే. చేరిన వారానికే మానేద్దామనుకున్నాను. మానకపోవడానికి అసలు కారణం మధ్యాహ్నం ఆమె డబ్బాలో వచ్చే చేపల పులుసు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఎవరికైనా అర్జీ రాయాలంటే, ముందు దాన్ని కాదంటూ వచ్చే జవాబు మనమే రాసుకోవాలి. ఇది ఆమె పద్ధతి. ఒకసారి యాత్రికుల బృందం కోసం రైలుకు అదనపు బోగీ అడుగుతూ ఉత్తరం రాసి తీసుకెళ్లాను.

"కాదన్న ఉత్తరం ఏదమ్మా?" అన్నారు.

"వాళ్లు కాదంటరని మనకెట్ల తెలుసు మేడం?"

"తెలీదు కాబట్టే రాయమంటున్నాను. ఇలా రా, ఈ కుర్చీలో కూర్చో. నువ్విప్పుడు ఆఫీసరువి. ఈ కాగితం నీ ముందుకొచ్చింది. ఎందుకు కుదరదో చెప్పు."

నిజంగానే లేచి తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. కాసేపటికి నేనూ ఆఫీసరులా ముఖం పెట్టి, బోగీ ఇస్తే ఆ రోజు మామూలు ప్రయాణికుల సంగతేమిటని అడిగాను. "ఆఁ, ఇప్పుడు దానికి జవాబు చెబుతూ నీ అర్జీ రాయి" అన్నారు. బోగీ వచ్చింది. నాకు కొమ్ములు కూడా వచ్చాయి.

నేను చేరిన నాలుగో ఏడు విదేశీ ఓడ కబురు వచ్చింది. విశాఖలో జనాన్ని ఎక్కించుకుని, పుదుచ్చేరి చూపించి, చెన్నైలో దింపే విహారయాత్ర. లోపల ఈతకొలను, పాటల హాలు, అన్నీ ఉన్నాయి. అడ్డమల్లా చట్టమే. మన దేశపు ఒక రేవులో ఎక్కినవాళ్లను మన దేశపు మరో రేవులో దింపాలంటే ఆ ఓడ మీద మన జెండా ఉండాలి. పరాయి జెండా ఓడ ఆ పని చేయాలంటే ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా సడలింపు తెచ్చుకోవాలి. ఆ అర్జీ రాసే పనిని ఓడ తరఫు ఏజెంట్లు విశాఖ నుంచి ఫోన్ చేసి మేడంకు అప్పగించారు. రేవుల చట్టాలు ఆమెకు కంఠతా వచ్చని వాళ్లకు తెలుసు.

ఆ ఓడ నాకు ఉత్త ఆఫీసు పని కాదు. మా అమ్మ బోయిగూడలో ఒక బళ్లో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. అక్కడ పనిచేసి రిటైరైన టీచర్లంతా కలిసి ఆ యాత్రకు పేర్లిచ్చారు. వాళ్ల పెద్ద టీచరమ్మ మా ఇంటికొచ్చి, "మాతో నువ్వు సుత రావాలె" అని అమ్మను పిలిచింది. ముప్పై ఏళ్లు వాళ్లకు మంచినీళ్లు అందించి, గంట కొట్టి, వాళ్లు తిన్నాక తిన్న మనిషి. అమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. అదే రోజు సంచి సర్దేసింది. రోజూ నేను ఇంటికి రాగానే, "ఢిల్లీకెల్లి కాయితం వచ్చిందా బిడ్డా?" అని అడిగేది.

అందుకే ఆ అర్జీ నా ప్రాణమంతా పెట్టి రాశాను. కాదన్న జవాబు మాత్రం రెండు ముక్కల్లో ముగించాను. మేడం నిలబడి చదవడం మొదలుపెట్టి, రెండో పేరాలో ఆగిపోయారు. 'ఈ మార్గంలో ప్రయాణికులను చేరవేసేందుకు మన దేశపు ఓడ ఏదీ అందుబాటులో లేదు' అని రాశాను.

"ఈ మార్గంలోనే తిరిగే మన చిన్న ఓడ ఒకటి షిప్‌యార్డులో మరమ్మతులో ఉంది కదమ్మా. నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు మేడం."

"మరెందుకు రాయలేదు?"

"గట్ల రాస్తే మన అర్జీ ఎవడు చూస్తడు మేడం? మీ ఓడ మీకున్నది, ఆగుండ్రి అంటరు. అది పాతది, ఎప్పుడు బాగైతదో ఎవరికి తెలుసు? మనమే చెప్పి మనమే చెడగొట్టుకుందమా?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నారు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె మాత్రం వాళ్ల నాన్న సంగతి చెప్పారు. తీరం వెంట మన ఓడలే తిరగాలన్న ఆ నియమం వల్లే ఆయనకు ఏళ్ల తరబడి పని దొరికిందట. వాళ్ల అక్కచెల్లెళ్లు నలుగురూ ఆ అన్నమే తిని చదువుకున్నారట. "ఈ చట్టం నుంచి సడలింపు అడగడం తప్పు కాదమ్మా. బోలెడంతమంది సరదా పడుతున్నారు, రేవులో బండ్లవాళ్లకి, హోటళ్లవాళ్లకి పని దొరుకుతుంది. అడుగుదాం. కానీ చుట్టాలొచ్చారని పక్కింటి మంచం తెచ్చుకుంటాం చూడు, అలా అడుగుదాం. ఆ ఓడ ఉందని రాయి. అది బాగయ్యే దాకానే మాకు కావాలని రాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా రాశాను. ఆరు ప్రయాణాలు అడిగాం. ఈలోగా మన ఓడ మరమ్మతు పూర్తయితే సడలింపు అంతటితో చాలించుకుంటామని చివర ఒక వాక్యం మేడం తన చేత్తో చేర్చారు. ఇక ఇది రాదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఎదురుచూసి చూసి తల ప్రాణం తోకకొచ్చాక, ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. ఆరు ప్రయాణాలకూ అనుమతి, మేము రాసిన షరతు మాటకు మాట అలాగే ఉంది. పెద్ద ఓడ కదిలింది. టీచర్ల బృందానికి ఆరో ప్రయాణంలో చోటు దొరికింది. అమ్మ సంచి విప్పి మళ్లీ సర్దింది.

ఆ రోజుల్లో ప్రతి సోమవారం మేడం షిప్‌యార్డుకు ఫోన్ చేసేవారు. "చిన్న ఓడ ఎంతవరకు వచ్చిందండీ?" అని ఇంటిమనిషి ఆరోగ్యం అడిగినట్టు అడిగేవారు. "ఎందుకు మేడం గా తక్లీఫ్? ఎవ్వరన్న అడిగినప్పుడు చూద్దం" అనేదాన్ని. ఆమె వినిపించుకునేవారు కాదు. నాలుగో ప్రయాణం అయిపోయిన వారం, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

"బాగయిందట. వచ్చే నెల నుంచి నడుపుతారట. ఢిల్లీకి ఉత్తరం రాద్దాం. మిగిలిన రెండూ మాకక్కర్లేదని."

నేను కుర్చీలోంచి లేచాను. "ఢిల్లీల ఎవ్వరికి తెలుసు మేడం? ఎవ్వరడిగిండ్రు? మా అమ్మ ఆరో ట్రిప్పుల ఉన్నది. మీకు తెలుసు గద!"

"తెలుసమ్మా" అన్నారు. ఆమె కళ్లు నా ముఖం మీంచి పక్కకు పోలేదు. "మీ అమ్మగారిని ఆ ఓడ ఎక్కించాలని నాకూ ఉంది. కానీ రాసింది మనమే కదా."

ఆ ఉత్తరం నేనే టైపు చేశాను. ఏడుస్తూ చేశాను. విశాఖ ఏజెంట్లు ఫోన్లో అరిచిన అరుపులు నా బల్ల దాకా వినిపించాయి. "మిమ్మల్ని ఎవరడిగారండీ?" అని ఒకాయన పదిసార్లన్నా అని ఉంటాడు. ఆమె ప్రతిసారీ "ఎవరూ అడగలేదండీ" అని మర్యాదగా జవాబిచ్చారు. ఆ రోజు నుంచి నేను మేడంతో పని మాటలు తప్ప మరో మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం ఆమె మామూలుగానే డబ్బాలో సగం నా బల్ల మీద పెట్టేవారు. నేను ముట్టేదాన్ని కాదు. సాయంత్రం ఆమె డబ్బా మూసుకుని వెళ్లేవారు. చేపల పులుసు మీద కూడా అలిగానంటే నా కోపం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

పెద్ద ఓడ లేదని చెప్పినప్పుడు అమ్మ సంచి తీసి అటక మీద పెట్టింది. అది నాకు మరీ కష్టంగా తోచింది. అయితే మేడం అక్కడితో వదల్లేదు. చిన్న ఓడవాళ్లతో మాట్లాడి, వాళ్ల మొదటి ప్రయాణంలో టీచర్ల బృందానికి చోటు ఇప్పించారు. ఈతకొలను లేదు, పాటల హాలు లేదు, పై డెక్కు మీద ప్లాస్టిక్ కుర్చీలు. సగం మంది మానుకున్నారు. అమ్మను మానుకోమని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "ఓడ ఓడనే గద బిడ్డా" అని అటక మీంచి సంచి దింపింది.

వారం తరువాత సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగిన అమ్మ ఎండకు నల్లబడి, గొంతు పోయి, పెళ్లింటి నుంచి వచ్చినట్టుంది. ఆటోలో కూర్చున్నాక చెప్పింది. ఓడ మస్తు ఊగిందట. రెండో రోజు అమ్మకు ఒకటే వాంతులట.

"అయ్యో, మరెవరు చూసుకున్నరే?"

"పెద్ద టీచరమ్మ. నా తల ఒళ్లె పెట్టుకున్నది బిడ్డా. వద్దు టీచరమ్మా, నేను లేస్త అంటె, ఊకో అని నీళ్లు తాపింది."

ఆ తరువాత ఓడలో వంటవాడి సంగతి ఎత్తుకుంది. అతనిదీ కాకినాడే. పెద్ద ఓడ పాతుకుపోతుందని, ఇక తమ ఓడను అమ్మేస్తారని పనివాళ్లంతా బెంగ పెట్టుకున్నారట. ఒకతను ఇంటికి వెళ్లి వేరే పని కూడా వెతుక్కున్నాడట. "మళ్లీ ఎక్కుతామనుకోలేదమ్మా" అని అమ్మకు వడ్డిస్తూ ఆ వంటవాడు కళ్లు తుడుచుకున్నాడట. అతనికి మేడం పేరు తెలియదు. పెద్ద ఓడ ఎందుకు ఆగిందో కూడా తెలియదు. నాకు తెలుసు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే.

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యే వేళకు మౌలాలి వెళ్లి ఆమె ఇంటి ముందు నిలబడ్డాను. వాకిట్లో కొబ్బరి చీపురు పట్టుకున్న ఆమె భర్త గార్డు గారు నన్ను చూసి, "వెళ్లమ్మా, ఆవిడకి నీ గురించే బెంగ" అని లోపలికి పంపారు. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుని వెళ్లాను గాని, ఊరికే ఏడ్చాను. ఆమె నా తల నిమిరి నవ్వారు.

"నా మీద అంత కోపంలో కూడా ఆ ఉత్తరం ఒక్క తప్పు లేకుండా టైపు చేశావు అమ్మాయ్. నిలబడి చదివాను. నాకది చాలు."

మేడం పోయి రెండేళ్లయింది. నిద్రలోనే, ఏ బాధా లేకుండా వెళ్లారు. ఈ ఆఫీసు నాకు అప్పగించి వెళ్లారు. ఈ మధ్య ఒక పెద్ద ఓడవాళ్లు సడలింపు కోసం అర్జీ రాసిపెట్టమని వచ్చారు. అంతా మాట్లాడుకున్నాక, ఎప్పటిదాకా అన్నది రాయకుండా వదిలేయమన్నారు. ఢిల్లీవాళ్లు అడగరట. అలా రాయడం నాకు చేతకాదని చెప్పాను. వాళ్లు మర్యాదగా లేచి, వేరే చోటు చూసుకుంటామని వెళ్లిపోయారు. మంచి పని చేజారింది, చిన్న బాధ ఉంది, లేదనను. ఇంటికెళ్లి అమ్మకు చెబితే, "గా మేడమే ఉంటె ఏమంటుండె?" అని అడిగింది.

"ఏమనకపోతుండె. నువ్వు తిన్నవా అని అడుగుతుండె" అన్నాను. అమ్మ లేచి నాకు కంచం పెట్టింది.