అమ్మ ముఖం కొలిచిన టీచరు

మొన్న రాజమండ్రిలో పళ్ల డాక్టరు నా గడ్డానికి చల్లటి స్టీలు స్కేలు ఆనించగానే విశాలాక్షి గారు గుర్తుకొచ్చారు. కాలేజీ రోజుల్లో నా ముఖాన్ని అలాగే కొలిచిన మనిషి ఆవిడ. అమలాపురంలో మా పక్కవీధి; హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు.

ఆ ఏడు తుఫానుకు ఇంట్లోకి నీళ్లొచ్చి, అంతకుముందే చనిపోయిన అమ్మ ఫొటోలన్నీ ఉబ్బి చెరిగిపోయాయి. అమ్మ చెల్లెలు, మా పిన్ని వాళ్లింట్లోనూ అదే గతి. చిన్నవాడైన మా తమ్ముడికి అప్పటికే అమ్మ ముఖం మసకబారుతోంది. నా భయమంతా అదే. తద్దినం నాటికి పటం కావాలని నాన్న విశాలాక్షి గారిని అడిగారు. మేం చెబుతుంటే ఆవిడ గీసేస్తారనుకున్నాం. ఆవిడేమో అమ్మ పోలికలు మాలో ఉంటాయని డివైడరు తెచ్చి నన్నూ, తమ్ముణ్ణీ, పిన్నినీ కొలిచారు. కళ్ల మధ్య దూరాన్ని ఒకటి అనుకుని, ముక్కూ నుదురూ గడ్డం అన్నిటినీ ఆ లెక్కలోకి మార్చారు. ఆ లెక్కల్ని కొంచెం కొంచెం పెంచుతూ తగ్గిస్తూ రకరకాల ముక్కులు, పెదవులు కాగితాల మీద గీసి, ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి చూపించి, అమ్మవి ఏవో ఎంచమన్నారు.

అప్పుడు నేను బీయస్సీ చదువుతున్నాను. నోరు ఊరుకోదు. "మా అమ్మేమన్నా ల్యాబులో కప్పాండీ కొలవడానికి? అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే అయిపోద్ది కదా!"

"ఒకచోట కూర్చోబెడితే నువ్వొక్కదానివే మాట్లాడతావమ్మాయ్. పటంలో మీ అమ్మ ఉండదు, నీ వాదన ఉంటుంది" అన్నారావిడ పెన్సిలు చెక్కుకుంటూ.

ముక్కు దగ్గర అందరి మాటా కలిసింది. కనుబొమల దగ్గరా కలిసింది. పెదవుల దగ్గర మాత్రం నాన్న సన్నటివి ఎంచారు, పిన్ని నిండైనవి, నేను కాస్త వంకరగా ఉన్నవి, తమ్ముడు తెరిచి ఉన్న నోరు. కొన్నాళ్లాగి మళ్లీ అడిగారు. అప్పుడూ కలవలేదు.

"యావరేజి తీసెయ్యండి" అన్నాను.

"తీస్తే మీలో ఎవరూ ఎరగని నోరొస్తుంది. అది గోడకెక్కిందా, కొన్నాళ్లకి మీకు అదే గుర్తుంటుంది. మిగిలిన అమ్మని కూడా నేనే పట్టుకుపోయినట్టవుతుంది."

"అయితే నోరు లేని అమ్మని పెట్టుకోమంటారా?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆవిడ కాగితాలన్నీ సర్దుకుని వెళ్లిపోయారు. తద్దినం ముందు పటం తెచ్చారు. కళ్లూ ముక్కూ గట్టి గీతల్లో ఉన్నాయి. పెదవుల చోట మాత్రం మేం నలుగురం ఎంచినవన్నీ ఒకదాని మీద ఒకటి, ఊదితే పోయేంత పలచగా వేశారు. నాకు ఒళ్లు మండింది. పని సగంలో వదిలేశారని అనబోతుంటే నాన్న పటాన్ని చేయి చాచి దూరంగా పట్టుకున్నారు.

"ఇదుగో, మీ అమ్మ మళ్లీ మొదలెట్టింది" అన్నారు.

తమ్ముడు ఆయన భుజం మీంచి తొంగి చూశాడు. "ఎవర్ని తిడతందక్కా?"

మా అమ్మ నోరు ఆగి ఉండగా మాలో ఎవరమూ చూడలేదు. ఆ సంగతి మాకు తట్టనే లేదు. మా జవాబులు కలవకపోవడంలోంచే విశాలాక్షి గారు దాన్ని పట్టుకున్నారు. లెక్కలు పెడితే బొమ్మ చచ్చిపోతుందనే వాళ్లతో నాకు ఇప్పటికీ పేచీయే. ఆవిడకి కొలతంటే, తన చేతికి నచ్చిన గీతని తాను తేలిగ్గా నమ్మకపోవడం.

మా ఇంట్లో పాత సంగతేదైనా తగువుకొస్తే నేను ముందు ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను. మాటలు కలవకపోతే కలవలేదనే ఒప్పుకుంటాను. ఆ తర్వాతే పోట్లాడతాను.